ఎవరి ఖర్చు? ఎవరి జీతం?

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన నాటి నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేదాకా, ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలున్న ఇళ్లలో కాలేజీల జాబితాలు చేతులు మారుతూనే ఉంటాయి. బంధువు ఒకటి పంపుతాడు. కోచింగ్ సెంటర్ ఒకటి పంచుతుంది. పత్రికలో ఇంకొకటి వస్తుంది. ఫీజు మాట వచ్చేసరికి అందరి చూపూ నిలిచేది, పెట్టిన డబ్బుకు తగిన చదువు ఎక్కడ దొరుకుతుందో చెప్తామనే జాబితా మీద. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లాలనుకునేవాళ్ల చేతికీ ఇలాంటివే వస్తాయి, కాకపోతే రూపాయలకు బదులు డాలర్లలో.

ఈ జాబితాలన్నీ చేసే పని ఒకటే. ఒక పక్క చదువుకయ్యే ఖర్చు పెడతాయి, ఇంకో పక్క చదివాక వచ్చే జీతం పెడతాయి, రెండింటినీ పోల్చి కాలేజీలకు వరుస కడతాయి. ఆ ఖర్చు ఎవరో కట్టినది. ఆ జీతం ఎవరో అందుకున్నది. వాళ్ల పరిస్థితి, మీ పరిస్థితి ఒకటేనా అన్నది తేలకుండా మూడో ర్యాంకు కాలేజీకీ, ముప్పయ్యో ర్యాంకు కాలేజీకీ తేడా వెతుక్కోవడం వృథా ప్రయాస. కాబట్టి ఏ జాబితా చేతికొచ్చినా ముందుగా అడగాల్సినవి రెండే: ఇందులో లెక్కగట్టింది ఎవరి ఖర్చు? ఎవరి జీతం?

అమెరికా జాబితాల్లో మీరున్నారా?

కాలేజీలకు ర్యాంకులిచ్చే అలవాటు పత్రికల్లో స్థిరపడింది అమెరికాలో. యూఎస్ న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ 1983లో మొదలుపెట్టింది. ఫీజులు, విద్యారుణాలు పెరిగేకొద్దీ, మంచి కాలేజీ ఏది అన్న ప్రశ్న పక్కకు ఖర్చుకు తగిన కాలేజీ ఏది అన్న ప్రశ్న వచ్చి చేరింది. యూఎస్ న్యూస్, ప్రిన్స్‌టన్ రివ్యూ, మనీ, ఫోర్బ్స్, వాషింగ్టన్ మంత్లీ వేటికవి ఆ తరహా జాబితాలు వేశాయి. ఒక దాంట్లో మొదటి పదిలో ఉన్న కాలేజీ ఇంకో దాంట్లో వెతికినా కనిపించకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే లోపలి లెక్క చూడాలి.

ముందు ఖర్చు సంగతి. అమెరికా కాలేజీ బయటికి ప్రకటించే ఫీజు వేరు, విద్యార్థి చివరికి కట్టేది వేరు. స్కాలర్‌షిప్పులు, గ్రాంట్లు తీసేశాక మిగిలేదాన్ని నెట్ ప్రైస్ అంటారు. చాలా జాబితాలకు ఆధారం అదే. అయితే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విషయంలో అక్కడి కేంద్ర విద్యాశాఖ ప్రకటించే సగటు నెట్ ప్రైస్, ఆ రాష్ట్రంలో స్థిరపడిన కుటుంబాల పిల్లలది. వాళ్లలో కూడా సహాయం అందుకున్నవాళ్లది. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికా పిల్లవాడికే ఆ అంకె వర్తించదు. కరీంనగర్ నుంచో, కాకినాడ నుంచో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఎలా వర్తిస్తుంది? వాళ్లు కట్టేది సాధారణంగా బయటి రాష్ట్రాల వాళ్ల ఫీజు.

జాబితాల పైవరుసలో ప్రిన్స్‌టన్, హార్వర్డ్, ఎంఐటీ తరచూ కనిపిస్తాయి. అత్యంత ఖరీదైన చోట్లు ఖర్చు తక్కువ జాబితాలో ఎలా చేరాయి? వాటికి నిధులు అపారం కాబట్టి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. ఏడాదికి లక్ష డాలర్ల వరకు ఆదాయం ఉన్న చాలా కుటుంబాల పిల్లల దగ్గర ఫీజు, వసతి, భోజనం కింద ఏమీ తీసుకోబోమని ప్రిన్స్‌టన్ 2022లో ప్రకటించి, ఆ మరుసటి ఏడాది నుంచి అమలు చేసింది. విదేశీ విద్యార్థులకూ ఆదాయాన్ని బట్టి సాయం చేసే కొద్ది సంస్థల్లో అదొకటి. కానీ అక్కడ సీటొచ్చేది దరఖాస్తు చేసినవాళ్లలో నూటికి ఐదుగురికి అటూఇటుగా. సీటు వచ్చినవాళ్లకు అది నిజంగా గొప్ప బేరమే. రానివాళ్లకు ఆ మొదటి ర్యాంకు ఏ రకంగానూ అక్కరకు రాదు.

ఇక జీతం. జాబితాలు చాలామటుకు ఆధారపడేది కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ సమాచార నిధి మీద. దానికి ఇప్పటి రూపం ఎలా వచ్చిందో తెలుసుకోదగ్గది. 2013 ఆగస్టులో అధ్యక్షుడు ఒబామా, ప్రభుత్వమే కాలేజీలకు రేటింగులు ఇస్తుందని, ఆ రేటింగులకు ఆర్థిక సహాయాన్ని ముడిపెడతామని ప్రకటించారు. రెండేళ్లు కసరత్తు చేశారు. కాలేజీలు ఎదురుతిరిగాయి, కొలమానాలు తెగలేదు. చివరికి రేటింగుల ఆలోచన వదిలేసి, 2015 సెప్టెంబరులో అంకెలను మాత్రం జనం ముందు పెట్టారు. ఆదాయపు పన్ను రికార్డులు చేతిలో ఉన్న ప్రభుత్వమే వరుస కట్టలేక ఆగిన చోట పత్రికలు ఏటా వరుస కడుతున్నాయి. ఈ సంగతి ఒక్కటే చాలు, ర్యాంకును ఎంత బరువుగా తీసుకోవాలో ఆలోచించడానికి.

ఆ స్కోర్‌కార్డులోని జీతాలు, అమెరికా కేంద్ర ప్రభుత్వం నుంచి విద్యా సహాయం లేదా రుణం పొందిన విద్యార్థులవి మాత్రమే. విదేశీ విద్యార్థులకు ఆ సహాయం రాదు. అంటే ఎఫ్-1 వీసా మీద చదివిన తెలుగు పిల్లవాడు ఎవరూ ఆ అంకెల్లో లేడు. చదువయ్యాక వాళ్లకు పనిచేసే అవకాశమిచ్చే ఓపీటీ, ఉద్యోగ వీసా కోసం వాళ్ల హెచ్-1బీ లాటరీ, లాటరీ తగలక వెనక్కి వచ్చిన వాళ్ల కథ, ఏదీ అందులోకి రాదు. పైగా ఈ జాబితాల్లో ఎక్కువ భాగం డిగ్రీ చదువుల గురించినవి. 2023–24లో అమెరికాలో లెక్కకు వచ్చిన 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 1,96,000 మందికి పైగా మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయి వాళ్లు. డిగ్రీ విద్యార్థులను, అదీ స్థానికులను కొలిచిన జాబితాను చూపి ఎంఎస్‌కు విశ్వవిద్యాలయం ఎంచుకోమనడం అన్యాయం. అది తెలియక చేసేవాళ్లూ ఉన్నారు. తెలిసీ చేసే కన్సల్టెన్సీలూ ఉన్నాయి, ఎందుకంటే కొన్ని విశ్వవిద్యాలయాలు చేర్పించిన ప్రతి విద్యార్థికీ వాళ్లకు కమిషన్ ఇస్తాయి. సలహా చెప్పేవారిని ఈ విశ్వవిద్యాలయం మీకేమైనా చెల్లిస్తుందా అని ముఖం మీదే అడగండి. మొహమాటపడే సందర్భం కాదిది.

ఎంఎస్‌కు వెళ్లాలనుకుంటే జాబితా పక్కనపెట్టి మీ సొంత లెక్క మొదలుపెట్టండి. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో ఏడాది ఖర్చు అంచనా ఉంటుంది. కోర్సు ఎన్నాళ్లో దాన్ని బట్టి హెచ్చవేయండి, ప్రయాణాలు కలపండి. అందులో ఎంత అప్పు తేవాలో రాయండి. 40 లక్షల అప్పుకు 11 శాతం చొప్పున ఏడాది వడ్డీ 4,40,000 రూపాయలు, నెలకు 36 వేల పైచిలుకు. అది వడ్డీ మాత్రమే, అసలు ఇంకా తాకలేదు. ఇప్పుడు మూడు పరిస్థితులకు లెక్క వేయండి: వెంటనే ఉద్యోగం దొరికితే, ఏడాది ఆలస్యమైతే, ఓపీటీ ముగిసేసరికి ఇండియాకు తిరిగొచ్చి ఇక్కడి జీతం మీద అప్పు తీర్చాల్సి వస్తే. మూడో లెక్కలో ఇల్లు తాకట్టు నుంచి బయటపడే దారి కనిపించకపోతే, ఆ విశ్వవిద్యాలయం ఏ జాబితాలో ఎక్కడున్నా మీ ఇంటికి తగినది కాదు.

కాలేజీ గొప్పా, కోర్సు గొప్పా?

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పరిశోధన కేంద్రం 2019లో సుమారు 4,500 కాలేజీలకు పెట్టుబడి మీద రాబడి లెక్కగట్టింది. నిజాయతీగా, ఓపికగా చేసిన పని. నలభై ఏళ్ల ఆదాయం లెక్కన అందులో పైకొచ్చినవి ఏవి? స్టాన్‌ఫర్డ్, ఎంఐటీల సరసన, ఇంకా వాటికంటే పైన, బయటివాళ్లు పేరైనా వినని ఫార్మసీ కాలేజీలు. వాటితోపాటు ఓడల మీద పనిచేసే అధికారులను తయారుచేసే ఒక సంస్థ. ఆ కాలేజీల్లో పాఠాలు అద్భుతంగా చెప్తారని దానర్థం కాదు. అక్కడ చదివే వాళ్లందరూ దాదాపు ఒకే వృత్తిలోకి వెళ్తారు, ఆ వృత్తికి అమెరికాలో జీతం ఎక్కువ. పక్కనున్న పెద్ద విశ్వవిద్యాలయంలో సంగీతం, చరిత్ర, ఉపాధ్యాయ శిక్షణ, ఇంజనీరింగ్ అన్నీ ఉంటాయి కాబట్టి అందరి సగటూ కిందికి దిగుతుంది. జాబితా కాలేజీని కొలుస్తున్నానని చెప్తుంది. కొలిచేది చాలావరకు కోర్సుని.

అదే అధ్యయనంలో ఇంకో విశేషం ఉంది. పదేళ్ల ఆదాయం చూస్తే, తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువులు చెప్పే కమ్యూనిటీ కాలేజీలు, వృత్తి శిక్షణ ఇచ్చే సంస్థలు ముందుకొచ్చాయి. నలభై ఏళ్లకు చూస్తే నాలుగేళ్ల డిగ్రీ కాలేజీలు వాటిని దాటిపోయాయి. కాలేజీలు అవే, విద్యార్థులు వాళ్లే. గడువు మారేసరికి వరుస తిరగబడింది. మీ ఇంట్లో తండ్రి ఇంకో మూడేళ్లలో రిటైరయ్యే పరిస్థితి ఉంటే మీకు పదేళ్ల లెక్క ముఖ్యం. కాస్త నిలదొక్కుకున్న కుటుంబమైతే పిల్లలను నలభై ఏళ్ల లెక్కతో చదివించగలరు. ఆ ఎంపిక జాబితా వేసినవాళ్లు మీ తరఫున చేసేశారు, మిమ్మల్ని అడక్కుండా.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. మంచి కాలేజీలో చదివినవాళ్లకు మంచి జీతాలు వస్తున్నాయంటే, ఆ జీతం కాలేజీ ఇచ్చిందా, ముందే చురుకైన పిల్లలు అక్కడ చేరడం వల్ల వచ్చిందా? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని తెలివిగా పరీక్షించారు. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకే రకంగా సీట్లు తెచ్చుకుని, చివరికి వేర్వేరు కాలేజీల్లో చేరిన వాళ్లను పోల్చారు. పేరున్న కాలేజీలో చేరినవాళ్లకూ, దాన్ని వదులుకుని మామూలు కాలేజీలో చేరినవాళ్లకూ తర్వాతి సంపాదనలో సగటున పెద్ద తేడా కనబడలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం తేడా కనిపించింది. ఆ తర్వాత వాళ్లే చేసిన మరో అధ్యయనంలో, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకూ మేలు జరిగినట్టు తేలింది. అది అమెరికా లెక్క, మన దగ్గర అచ్చంగా అలాగే ఉంటుందని అనలేం. అయినా ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కుతున్న పిల్లల తల్లిదండ్రులు దీన్ని మనసులో పెట్టుకోవాలి. ఇంట్లో దారి చూపేవారు లేని పిల్లలకు కాలేజీలోని తోటివాళ్లు, సీనియర్లు, అధ్యాపకులే ఆ దారి. వాళ్ల విషయంలో పదివేలు మిగులుతాయని మంచి కాలేజీని వదులుకోవడం చాలా నష్టం.

అంకెలు ఇచ్చేదెవరు?

ర్యాంకులకు వాడే సమాచారంలో చాలా భాగం కాలేజీలే ఇస్తాయి. కొలంబియా విశ్వవిద్యాలయం యూఎస్ న్యూస్ జాబితాలో రెండో స్థానానికి చేరాక, అక్కడి గణిత ఆచార్యుడు మైకేల్ థాడియస్ 2022లో తన సంస్థ ఇచ్చిన అంకెలనే తప్పుపట్టారు. ఇరవై మంది లోపు విద్యార్థులున్న తరగతులు 82.5 శాతమని విశ్వవిద్యాలయం చెప్పుకుంది. సరిచేసిన లెక్కలో అది 57.2 శాతం. ర్యాంకు 18కి పడింది. టెంపుల్ విశ్వవిద్యాలయపు ఫాక్స్ బిజినెస్ స్కూల్ సంగతి ఇంకా ఘోరం. దాని ఆన్‌లైన్ ఎంబీఏ వరుసగా నాలుగేళ్లు మొదటి ర్యాంకులో నిలిచింది. చేరిన విద్యార్థులందరూ జీమ్యాట్ ప్రవేశ పరీక్ష రాశారని ఇచ్చిన సమాచారం అబద్ధమని, రాసింది ఐదో వంతు మందేనని 2018లో బయటపడింది. మాజీ డీన్ మోషే పోరాట్‌కు 2022లో 14 నెలల జైలు శిక్ష పడింది. ఆ నాలుగేళ్లలో ర్యాంకు చూసి చేరిన వాళ్లు కట్టిన ఫీజు సంగతి ఆలోచించండి.

అబద్ధం లేకపోయినా వరుస మారుతుంది. యూఎస్ న్యూస్ 2023లో తన సూత్రం మార్చి, తరగతి పరిమాణం వంటివి తీసేసింది. దాంతో ఒక్క ఏడాదిలో టులేన్ విశ్వవిద్యాలయం 44 నుంచి 73కి, వేక్ ఫారెస్ట్ 29 నుంచి 47కి జారాయి. ఆ ఏడాదిలో అక్కడి అధ్యాపకులేమీ పాఠాలు మరచిపోలేదు.

మన దగ్గరా ఇలాంటి అనుమానాలకు తావుంది. కాలేజీల నాణ్యతకు న్యాక్ ఇచ్చే గ్రేడు కోసం తనిఖీ బృందానికి లంచాలిచ్చారన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టులు చేసినప్పుడు, ఆ కేసులోని సంస్థ ఆంధ్రప్రదేశ్‌దే.

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ను ఎలా చదవాలి

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులను చాలామంది ఖర్చుకు తగిన కాలేజీల పట్టికలా చదువుతారు. అందులో ఫీజు ఎంతన్నదానికి ఒక్క మార్కు కూడా లేదు. ఇంజనీరింగ్ విభాగంలో బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదివినవాళ్ల ఫలితాలకు 20, అందరికీ అవకాశానికి 10, జనంలో పేరుకు 10 మార్కులు. ఆ ఫలితాల 20లో మధ్యస్థ జీతానికి దక్కేది నాలుగో వంతు, అంటే మొత్తం నూటికి ఐదు. మీ అబ్బాయి బీటెక్ చేసి ఉద్యోగంలో చేరాలనుకుంటే, అతనికి కావాల్సిన జీతం విషయానికి ఐదు మార్కులు, అతను చూడబోని పరిశోధన పత్రాలకూ పేటెంట్లకూ ముప్పై. పైగా వనరుల మార్కుల్లో ఒక భాగం ఒక్కో విద్యార్థి మీద సంస్థ పెట్టే ఖర్చుకు వస్తుంది. ఎక్కువ ఖర్చు పెట్టే సంస్థకు మేలు. పొదుపుగా, బాగా నడిచే సంస్థకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకో మాట. 60వ ర్యాంకుకీ 90వ ర్యాంకుకీ మధ్య తేడా తరచూ కొద్ది పాయింట్లే. వంద దాటాక 101–150, 151–200 అని గుంపులుగా, అక్షర క్రమంలో ఇస్తారు. ఆ గుంపులో ముందు పేరున్న కాలేజీ మెరుగైనదేమీ కాదు.

అయినా ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ను పారేయొద్దు. ర్యాంకు వదిలేయండి, దాని వెనక ఉన్న కాగితం తీసుకోండి. పాల్గొన్న ప్రతి సంస్థా తాను సమర్పించిన వివరాలను సొంత వెబ్‌సైట్‌లో ఉంచాలి. అక్కడ దొరికే పీడీఎఫ్‌లో నాలుగేళ్ల డిగ్రీకి మూడు బ్యాచ్‌ల పట్టిక ఉంటుంది: ఎన్ని సీట్లు, ఎందరు చేరారు, డిప్లొమా నుంచి రెండో ఏడాదిలో ఎందరు కలిశారు, గడువులోపు ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతమెంత, పైచదువులకు ఎందరు వెళ్లారు. నాకు తెలిసినంతలో తెలుగు తల్లిదండ్రులకు ఉచితంగా దొరికే అతి విలువైన పేజీ ఇదే, అతి తక్కువ మంది తెరిచే పేజీ కూడా.

ఒక ఊహాలెక్క చూద్దాం. మొదట చేరింది 540 మంది, డిప్లొమా నుంచి 60 మంది, మొత్తం 600. గడువులో పాసైంది 450. ఉద్యోగం వచ్చింది 270. పైచదువులకు 40. మధ్యస్థ జీతం ఏడాదికి 4,20,000. ఇదే కాలేజీ హోర్డింగు మీద 90 శాతం ప్లేస్‌మెంట్లు అని రాసుకోవచ్చు. ఎలాగంటే, బ్యాక్‌లాగులు లేక, నిర్ణీత మార్కులుండి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నది 300 మంది అనుకోండి, వాళ్లలో 270 మందికి వచ్చింది. పాసైన వాళ్లలో చూస్తే 60 శాతం. చేరినవాళ్లలో చూస్తే 45. మీరు ఫీజు కట్టేది చేరినప్పుడు, కాబట్టి మీకు పనికొచ్చే అంకె 45. మిగిలిన 290 మంది ఏమయ్యారన్నది ఏ కరపత్రంలోనూ ఉండదు.

మధ్యస్థ జీతం ఆ 270 మందిదే. వాళ్లను జీతాల వరుసలో నిలబెడితే సగం మందికి 4,20,000 కన్నా తక్కువే. హోర్డింగు మీద ఫొటోతో కనిపించే 45 లక్షల ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. అందులోనూ చేతికొచ్చే జీతమెంత, ఒక్కసారి ఇచ్చే బోనసెంత, నాలుగేళ్లు ఉంటేగానీ దక్కని షేర్లెన్ని అన్నది విడదీసి చూడాలి. ఆఫర్ల సంఖ్య వేరు, విద్యార్థుల సంఖ్య వేరు. ఒక్కరికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కపెట్టే చోట్లున్నాయి. ఆఫర్ లెటరు కూడా ఉద్యోగం కాదు. 2022లో ఇన్ఫోసిస్ నుంచి ఆఫర్లు అందుకున్న ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కొంతమంది రెండేళ్లు ఎదురుచూడాల్సి రావడం దేశమంతా వార్త అయింది.

ఈ పట్టికకూ లోపాలున్నాయి. అన్ని బ్రాంచీలనూ కలిపేస్తుంది. సివిల్‌లో చేరేవాళ్లకు కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) జీతాలు దారి చూపవు. అందుకే బ్రాంచీవారీ జాబితా కాలేజీని అడగండి, ఎన్‌బీఏ గుర్తింపు మీ బ్రాంచీకి ఉందా అని చూడండి, అది కాలేజీ మొత్తానికి కాకుండా ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. రెండోది, ఆ అంకెలన్నీ గడిచిన కాలానివి. ఈ ఏడాది చేరే మీరు బయటికొచ్చేది నాలుగేళ్ల తర్వాత. సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024–25 నుంచి ఎత్తేశాక సీఎస్ఈ సెక్షన్లు పెంచుకున్న కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పట్టికలో మీరు చూసే ఫలితం చిన్న బ్యాచ్‌ది. మీరు పోటీపడబోయేది పెద్ద బ్యాచ్‌లో. ఇప్పటి సీట్లెన్ని, అప్పటి సీట్లెన్ని అని తప్పక పోల్చండి.

మీ ఇంటి లెక్క

ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురు మూడు రకాల ఫీజులు కట్టే చోటు మన ఇంజనీరింగ్ కాలేజీ. కన్వీనర్ కోటాలో వచ్చి పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ దొరికే విద్యార్థికి ట్యూషన్ ఫీజు దాదాపు సున్నా. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు లేని బీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చేది సాధారణంగా 35,000 వరకే, మిగతాది ఇంట్లోంచి కట్టాలి. మేనేజ్‌మెంట్ కోటావాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఉండదు. ఏ జాబితా అయినా ఈ ముగ్గురికీ ఒకే ఖర్చు వేసి, ఒకే ర్యాంకు ఇస్తుంది. అది ముగ్గురికీ ఒకే కొలతతో చొక్కా కుట్టడం.

రీయింబర్స్‌మెంట్ వస్తుందనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బకాయిలు పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేసింది, తర్వాతి ప్రభుత్వం కాలేజీలకే ఇస్తామంది. ఈ మార్పుల మధ్య నలిగింది పిల్లలే. ప్రభుత్వం నుంచి రాకపోతే ముందు మీరే కట్టమంటారా, చివర్లో సర్టిఫికెట్లు ఆపుతారా అని చేరకముందే తేల్చుకోండి.

నాలుగేళ్ల మొత్తం ఖర్చు రాయండి: ట్యూషన్, హాస్టల్ లేదా బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, అప్పు తెస్తే వడ్డీ. హాస్టల్ నాలుగేళ్ల ఖర్చు కొన్ని కుటుంబాలకు ట్యూషన్ ఫీజును మించిపోతుంది. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీకి ఏ జాబితాలోనూ కనబడని లాభం అది.

ఆ తర్వాత జీతంతో పోల్చేటప్పుడు భాగహారం జోలికి పోకండి. పత్రికలు జీతాన్ని ఫీజుతో భాగించి ర్యాంకులిస్తే చవక కాలేజీలే తరచూ ముందుంటాయి. ఒక కాలేజీలో మొత్తం ఖర్చు 4 లక్షలు, మధ్యస్థ జీతం 4 లక్షలు అనుకుందాం. ఇంకో దాంట్లో ఖర్చు 8 లక్షలు, జీతం 6.5 లక్షలు. భాగిస్తే మొదటిది గెలుస్తుంది. కానీ రెండో దాంట్లో అదనంగా పెట్టిన 4 లక్షలు, ఏటా అదనంగా వచ్చే 2.5 లక్షలతో రెండేళ్ల లోపే తిరిగొస్తాయి. అంతటితో రెండోదే మేలని తేల్చేయకండి. చేరినవాళ్లలో ఉద్యోగం వచ్చింది మొదటి దాంట్లో 60 శాతం, రెండో దాంట్లో 30 శాతం అయితే? జీతాన్ని ఆ శాతంతో హెచ్చవేయండి. మొదటిది 2.4 లక్షలు, రెండోది 1.95 లక్షలు. మళ్లీ మొదటిదే ముందుకొచ్చింది. ఈ మూడు అంకెలు, అంటే మీ ఇంటి మొత్తం ఖర్చు, మీ బ్రాంచీ మధ్యస్థ జీతం, చేరినవాళ్లలో ఉద్యోగాలొచ్చిన శాతం, ఒక నోటుబుక్కులో ఆరేడు కాలేజీలకు రాసుకుంటే చాలు. ఒక సాయంత్రం పని. దానివల్ల మీ కుటుంబానికి జరిగే మేలు ఏ జాబితా వల్లా జరగదు.

మరి జాబితాలు ఎందుకు? మీరు వినని కాలేజీల పేర్లు తెలియడానికి. మూడు వేర్వేరు పద్ధతుల్లో వేసిన జాబితాల్లోనూ ఒక కాలేజీ కనిపిస్తే దాన్ని పరిశీలించదగ్గదిగా గుర్తుపెట్టుకోవడానికి. ఆ పనికి అవి బాగానే ఉపయోగపడతాయి.

నోటుబుక్కులో చివరికి మిగిలిన రెండు మూడు కాలేజీలకు స్వయంగా వెళ్లండి, తరగతులు జరిగే రోజున. ప్లేస్‌మెంట్ ఆఫీసరు గదికి తర్వాత వెళ్లొచ్చు. ముందు సాయంత్రం బస్సులు బయల్దేరే వేళకు గేటు దగ్గర నిలబడి మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలను పలకరించండి. మీ బ్రాంచీవాళ్లను వెతికి అడగండి. పోయిన సెమిస్టర్‌లో అధ్యాపకుడు లేక ఖాళీగా పోయిన క్లాసులెన్ని? కంపెనీలు వచ్చినప్పుడు ఎన్ని మార్కులుంటే లోపలికి రానిచ్చారు? ఆఫర్ వచ్చిన సీనియర్లు ఎన్ని నెలలకు చేరారు? ఉద్యోగం రాని సీనియర్ ఒకరి ఫోన్ నంబరు ఇప్పించగలరా? ఆ చివరి ప్రశ్నకు దొరికే మనిషితో పది నిమిషాలు మాట్లాడండి. లోపం తనదేనని అతను అనుకుంటున్నాడో లేదో, కాలేజీ ఏం చేసి ఉండాల్సిందో అతన్నే చెప్పనివ్వండి. విన్నదాన్ని బట్టి వెబ్ ఆప్షన్ల వరుస మార్చుకోవచ్చు. ఫ్రీజ్ చేసేదాకా గడువుంటుంది.